మొకం చదివిన చదువు

మా అమ్మకు అక్షరాలు రావు. మొకాలు వచ్చు.

ఆమెకు ఇప్పుడు డెబ్బై ఆరో, డెబ్బై ఏడో. పుట్టిన తారీఖు ఎవరూ రాసిపెట్టలేదు. ఆధార్ కార్డులో వేసిన జనవరి ఒకటే ఆమె పుట్టినరోజు. పాలమూరు కరువుకు తట్టుకోలేక మా నాయన వెంట పట్నం వచ్చింది. నాయన నాంపల్లి స్టేషన్ దగ్గర హమాలీ. అమ్మ అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్ వెనక ఇళ్ళల్లో ఇరవై ఏడేళ్ళు బాసాన్లు తోమింది.

పోయిన వారం సాక్షుల గురించి రాసిన భాగం చదివి ఒక లా చదివే తమ్ముడు అడిగాడు: "అన్నా, ముసలోళ్ళు మొకం గుర్తుపట్టి చెప్పే సాక్ష్యాన్ని కోర్టులో ఎంతవరకు నిలబెట్టగలం? సైన్స్ వాళ్ళకు వ్యతిరేకంగా ఉంది గదా?" ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ అంతకంటే ముందు అమ్మ గురించి చెప్పాలి. మొకం చూడటం అనేది ఒకటే పని కాదు. ఎవరు ఎవరి మొకం చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అన్న దాన్నిబట్టి అది వేరే వేరే పని అవుతుంది. వయసు మీద పడితే ఒక్కో పని ఒక్కో రకంగా మారుతుంది.

అబిడ్స్ ఇంట్లో తలుపు తెరుచుకున్న ఆ ఒక్క క్షణంలో అమ్మ అంతా చూసేది. అమ్మగారి కనుబొమ్మ, కింది పెదవి, గొళ్ళెం వదిలిన చెయ్యి. "ఇయ్యాల పైసలు అడగొద్దు, రాత్రి ఇంట్ల లొల్లి అయింది" అని అప్పుడే తేల్చుకునేది. అయ్యగారు ఒక్కరే ఉన్న రోజు ఆయన మొకం చూసి గడప దాటేదో, "కడుపు నొప్పి" అని వెనక్కి వచ్చేదో. సాయంత్రం మాకు పాఠం లాగా చెప్పేది. మొకం ఉబ్బితే ఏంది, మొకం మాడితే ఏంది, కండ్లు నవ్వకుండా పండ్లు మాత్రమే నవ్వితే ఏంది. "పండ్లు నవ్వే మనిషి దగ్గర నిలబడొద్దు బిడ్డా" అనేది. ఊళ్ళో వాళ్ళ నాయన దొర గడి ముందర చెప్పులు చేతబట్టుకొని నడుస్తూ నేర్చుకున్న చదువు ఇది. తల దించుకునే చదవాలి. దొర మొకం నేరుగా చూస్తే అదే తప్పు. కాబట్టి ఓరకంటితో, అర క్షణంలో అయిపోవాలి.

అటువైపు వాళ్ళకు ఈ చదువు అక్కర్లేదు. ఇరవై ఏడేళ్ళలో ఆ ఇంటి అమ్మగారికి మా అమ్మ ఎడమ కన్ను కింద కాలిన మచ్చ ఉందన్న సంగతి తెలుసో లేదో. జీతమిచ్చే వాళ్ళు పనిమనిషి మొకం చదవరు. చదవకపోతే వాళ్ళకు పోయేదేమీ లేదు.

మా అమ్మకున్న ఆ చదువు ఇప్పుడు మెల్లమెల్లగా పోతున్నది.

ఇది ఆమె ఒక్కతికే అని మొదట అనుకున్నాను. తర్వాత ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చాచాను చూశాను. షాపుల షట్టర్లు మూసి ఉంటే వాటి ముందర పుస్తకాలు పరిచే సంగతి మీకు తెలిసిందే. మనలో సగం మంది చదివింది ఆ ఫుట్‌పాత్ మీదే. నేను హాస్టల్లో ఉన్నప్పుడు, 1993 ప్రాంతంలో, ఈ చాచా దగ్గర పుస్తకానికి రేటు ఉండేది కాదు. మొకానికి రేటు ఉండేది. ఇస్త్రీ చొక్కా వాడొస్తే అరవై. రబ్బరు చెప్పుల హాస్టల్ పోరగాడు వస్తే పదిహేను. కొనేవాడా, పేజీలు తిప్పి పోయేవాడా, చొక్కా కింద దాచి పట్టుకుపోయేవాడా, మూడు అంగల దూరం నుంచే చెప్పేవాడు. "చెహ్రా దేఖ్‌కే బోల్తూఁ మియాఁ" అని నవ్వేవాడు. నా మొకం చూసి ఆయన వేసిన రేట్లే నా లైబ్రరీ.

ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. చాచా స్టూలు మీద కూర్చుంటాడు. వచ్చిన ప్రతివాడికీ "లే జావ్ బేటా, అగ్లే ఇత్వార్ దేదో" అంటాడు. వచ్చే ఆదివారం ఇస్తామన్న వాళ్ళు ఎంతమంది వచ్చారో కొడుకును అడగండి. "అబ్బాకు ఈ మధ్య అందరూ షరీఫ్ ఆద్మీలే కనిపిస్తున్నారన్నా" అని తల పట్టుకుంటాడు.

ఆ మాట మీద వెతికితే 2012లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దొరికింది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో షెల్లీ టేలర్ బృందం చేసింది. 55 నుంచి 84 ఏళ్ళ మధ్య ఉన్న 119 మందికి, ఇరవైల్లో ఉన్న 24 మందికి 30 మొకాల ఫోటోలు చూపించారు. కొన్ని నమ్మబుద్ధయ్యే మొకాలు, కొన్ని అటూఇటూ కానివి, కొన్ని చూడగానే అనుమానం వచ్చేవి. మొదటి రెండు రకాల విషయంలో పెద్దవాళ్ళూ పిల్లలూ దాదాపు ఒకే మాట చెప్పారు. తేడా మూడో రకం దగ్గర వచ్చింది. దొంగ నవ్వు, పక్కకు తప్పించిన చూపు, ఇట్లాంటి గుర్తులు పెద్దవాళ్ళను పెద్దగా ఆపలేదు. ఆ మొకాలనూ నమ్మదగినవే అన్నారు.

తర్వాత కొందరిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి అవే ఫోటోలు చూపించారు. మెదడులో ఇన్సులా అని ఒక భాగం ఉంటుంది. కడుపులో గుబులు పుట్టినట్టు, ఏదో తేడాగా ఉన్నట్టు అనిపించే దానికి సంబంధించింది. కుర్రవాళ్ళలో ఆ భాగం ముందు వైపు బాగా కదిలింది. పెద్దవాళ్ళలో అంత కదలిక లేదు. మా అమ్మ దీన్ని ఎన్నడో "కడుపుల గుబుక్కుమంటది" అని చెప్పింది. ఆ గుబుక్కు ఇప్పుడు చిన్నగా వినబడుతోందన్న మాట.

ఎందుకు అన్న దానికి స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సన్ చెప్పే మాట ఒకటుంది. ముందున్న కాలం తక్కువ అని మనసుకు తెలిసేకొద్దీ మనిషి మంచి వైపే ఎక్కువ చూస్తాడట. కోపం, భయం ఉన్న మొకాల కంటే నవ్వే మొకం మీదికే చూపు పోతుందట. ఒప్పుకోవచ్చు. అయితే అది కాలిఫోర్నియా లెక్క. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకున్న మనిషి బిడ్డ కడుపులో గుబులు ఎప్పుడు ఆగుతుందో ఆ లెక్కలో లేదు. అమ్మ విషయంలో నాకు వేరేగా అనిపిస్తుంది. అరవై ఏళ్ళు కాపలా కాసిన మనిషి ఆమె. అలసిపోయింది. ఇక చాలు అనుకుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "నమ్మబుద్ధి కాని మొకం" అంటే నమ్మకూడని మనిషి అని కాదు. ప్రిన్స్‌టన్‌లో జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ 2006లో చూపించింది ఏమిటంటే, సెకనులో పదో వంతు చాలు, మనిషి ఎదుటి మొకం మీద తీర్పు ఇచ్చేస్తాడు. తీర్పు తొందరగా వస్తుంది, నలుగురి తీర్పూ ఒకటిగా కూడా ఉంటుంది. నిజమా కాదా అన్నది వేరే సంగతి. మా అమ్మ చదివింది గుణాన్ని కాదు, ఆ క్షణంలో ఉన్న కోపాన్ని, తాగుడును, ఆకలి చూపును. అది కంటికి కనబడేది. మొకం చూసి గుణం చెప్తాను, కులం చెప్తాను అనేవాళ్ళు వేరే. వాళ్ళు చదివేది మొకాన్ని కాదు, తమ బుర్రలో ముందే రాసిపెట్టుకున్న దాన్ని.

ఈ రెండో రకానికి వయసు వస్తే ఏమవుతుందో చెప్తాను.

రెండేళ్ళ కింద పీజీ చదివే ఒక చెల్లెతో కలిసి అబిడ్స్, నాంపల్లి మధ్య సందుల్లో రూము వెతికాను. మూడో ఇల్లు. నలభై ఏళ్ళ ఓనరు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, ఇంటిపేరు ఏమిటి. మంచినీళ్ళు ఇచ్చాడు. వరండాలో పడక్కుర్చీలో వాళ్ళ నాన్న, ఎనభై దాటి ఉంటాయి. చెల్లె మొకం వైపు కళ్ళద్దాలు సర్దుకొని చూసి, ఇల్లంతా వినబడేట్టు అన్నాడు: "ఇంటిపేరు అడుగుతావేమిట్రా, మొహం చూస్తే తెలియట్లా, వాళ్ళే."

కొడుకు మొకం ఎర్రబడింది. "నాన్నగారికి పెద్దతనం, ఏమనుకోకండి" అన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి, ఊరి నుంచి చుట్టాలు వస్తున్నారు, రూము ఖాళీ లేదన్నాడు.

విలియం వాన్ హిప్పెల్ అనే మానసిక శాస్త్రవేత్త తన తోటివారితో కలిసి 2000లో దీని మీద రాశాడు. నోటికి వచ్చింది, మనసుకు తట్టింది లోపలే ఆపే శక్తి వయసుతో తగ్గుతుందట. పెద్దవాళ్ళలో కనిపించే పక్షపాతంలో కొంత భాగం అట్లా మూత జారడం వల్ల బయటపడేదేనట. వద్దనుకున్నా వచ్చేస్తుందట. నాకైతే ఆ ముసలాయనే నయం అనిపించింది. మా ఫోన్ బిల్లు మిగిలింది. కుండలో ఉన్నది తండ్రికీ కొడుక్కీ ఒకటే. కొడుకు కుండ మీద మూత ఇంకా గట్టిగా ఉంది. రేపు అతనికీ ఎనభై వస్తాయి.

అన్నట్టు, ఆ ముసలాయన మా చెల్లె కంటే రెండు చాయలు నల్లగా ఉన్నాడు.

మొకం మీద కులం రాసి ఉంటుందన్న పిచ్చికి పెద్ద చరిత్రే ఉంది. హెర్బర్ట్ రిజ్లీ అని 1901 జనాభా లెక్కల కమిషనర్. ముక్కుల వెడల్పు కొలిచి కులాల ఎత్తుపల్లాలు చెప్పొచ్చన్నాడు. బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఆ ముక్కు కొలతలనే ముందు పెట్టి, బ్రాహ్మణుడిదీ అంటరానివాడిదీ వేరే జాతి అనడం నిలవదని చూపించాడు. ఆ అధ్యాయం చదవని తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే అబిడ్స్ పోండి. చాచా వచ్చే వారం ఇవ్వమంటాడు, మీరు మాత్రం అప్పుడే ఇచ్చేయండి.

ఇప్పుడు అసలు సంగతి.

ఊళ్ళో మా అమ్మ పేరు మీద ఎకరం పది గుంటల లావుణి పట్టా ఉంది. రోడ్డు పడుతుందని తెలిసిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల కార్లు తిరుగుతున్నాయి. పోయిన శ్రావణంలో ఒక పిల్లగాడు బస్తీకి రావడం మొదలుపెట్టాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళు. "అమ్మమ్మా" అని కాళ్ళకు మొక్కేవాడు. కోవా తెచ్చేవాడు, ఫోన్ రీచార్జ్ చేయించేవాడు, బీపీ గోళీలు తెచ్చేవాడు. నాకు ఈ ముచ్చట తెలియదు, ఎందుకంటే నాకు చెప్పొద్దని ఆ పిల్లగాడే మెత్తగా చెప్పాడు. "మామకు తెలిస్తే పట్టా తన పేరు మీద చేయించుకుంటడు అమ్మమ్మా" అని.

ఒకరోజు నేను అబిడ్స్ జీపీఓలో సమాచార హక్కు దరఖాస్తులు రిజిస్టర్ పోస్టు చేస్తుంటే మా చెల్లె బిడ్డ ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతుంది. "మామా, అమ్మమ్మను ఆటోలో నాంపల్లి తెచ్చిండు, నేను కూడా వెంట వచ్చిన, స్టాంపు కాగితం కొన్నడు, తొందరగా రా." పది నిమిషాల్లో నడిచి పోయాను. ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి ఉన్నాడు. ముందర చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. పక్కన ప్లాస్టిక్ కవర్లో అగ్రిమెంటు, జీపీఏ, టైపు చేసి తయారు. అమ్మ బొటనవేలికి అప్పటికే సిరా ఉంది. కాగితం మీద ఇంకా పడలేదు.

ఆ పిల్లగాడు లేచి నిలబడి నాకు దండం పెట్టాడు. "జై భీమ్ అన్నా" అన్నాడు. మన పిల్లగాడే. మన కులమే. ఎవరో పెద్ద కారువాడి కింద ఎకరానికింత అని కమీషన్‌కు తిరుగుతున్నాడు. కారువాడు గాడి తప్పి కూడా మన బస్తీకి రాడు. మన ముసలోళ్ళు ఎట్లాంటి మొకాన్ని నమ్ముతారో వాడికి బాగా తెలుసు. అందుకే ఆ మొకాన్నే పంపుతాడు.

కాగితాలు తీసుకొని చదివి చెప్పాను. 1977 నాటి 9వ నంబరు చట్టం, అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మినా కొన్నా చెల్లదు, కొన్నవాడికి హక్కు రాదు, ఆ భూమిని వెనక్కి తీసుకొని మళ్ళీ అసలు మనిషికి ఇప్పించొచ్చు. ఈ కాగితం మీద వేలిముద్ర పడితే పట్టా అతనిది కాదు, కానీ భూమి మీద ఫెన్సింగ్ అతనిది అవుతుంది, తర్వాత మనం ఆఫీసుల చుట్టూ తిరగాలి. అతనికి ఇదంతా తెలుసు. నవ్వుతూనే విన్నాడు. చాయ్ పైసలు కట్టి పోయాడు.

అమ్మ నా మీద గరమైంది. "పిల్లగాని పరువు తీసినవ్. వాని మొకం సూడు, సచ్చిపోయిన మీ మామ ఇరవై ఏండ్లప్పుడు అచ్చం గిట్లనే ఉండె" అంది. మా మామ 1979లో బాయి తవ్వుతుంటే మట్టి పెళ్ళలు విరిగిపడి చనిపోయాడు. ఆమె చూసింది ఆ బ్రోకరును కాదు. అంతకాలం ఓరకంటితో శత్రువు మొకాలు చదివిన మనిషి, ఇప్పుడు ప్రతి కొత్త మొకంలో తన వాళ్ళను వెతుక్కుంటోంది. దీన్ని ఏ స్కానింగ్ యంత్రం కింద పెట్టాలో నాకు తెలియదు. కోపం రాలేదు నాకు.

ఆటోలో చెల్లె బిడ్డను అడిగాను, నీకెట్లా అనుమానం వచ్చిందే అని. "వాని పండ్లే నవ్వినయ్ మామా" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక ఏర్పాటు. అమ్మ దగ్గరికి ఏ కాగితం వచ్చినా ఆ పిల్ల పక్కన లేకుండా సిరా డబ్బా తెరవకూడదు. అమ్మ ఒప్పుకుంది, మా ఇద్దరినీ తిట్టుకుంటూ. బస్తీలో ఇంకో పదకొండు ఇళ్ళల్లో ఇదే మొదలుపెట్టాం. మీ ఊళ్ళల్లో లావుణి పట్టాలున్న ముసలివాళ్ళు ఎంతమందో లెక్క తీయండి. వాళ్ళ దగ్గరికి ఈ మధ్య ఎవరు కోవా తెస్తున్నారో అడగండి.

ఇక లా చదివే తమ్ముడి ప్రశ్న.

తమ్ముడూ, నువ్వన్నది సగం నిజం. ఒక్కసారి చూసిన కొత్త మొకాన్ని గుర్తుపట్టడం వయసుతో కష్టమవుతుంది. పైగా ఎవరి వయసు మొకాలు వాళ్ళకు బాగా గుర్తుంటాయని కూడా పరిశోధనలు చెప్తున్నాయి. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇరవై ఏళ్ళ పోరగాళ్ళంతా ఒక్క తీరుగానే కనబడొచ్చు. అవతలి లాయరు ఇదే పట్టుకుంటాడు. కానీ తెలిసిన మొకం వేరు, తెలియని మొకం వేరు. రోజూ చూసే మనిషిని వెనక నుంచి, నడక నుంచి, మసక వెలుతురులో కూడా పట్టుకుంటాం. చట్టానికీ ఈ తేడా తెలుసు. గుర్తింపు పరేడ్ అవసరమయ్యేది నిందితుడు సాక్షికి ముందే తెలియనప్పుడు. పాత సాక్ష్యాల చట్టం 9వ సెక్షన్ కింద, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 7వ సెక్షన్ కింద వచ్చేది ఇదే.

చుండూరు గుర్తు చేసుకో. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మనవాళ్ళను చంపారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలై 31న వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. తీర్పు మంచిచెడ్డలు ఇంకో వారం. ఇక్కడ చూడాల్సింది మధ్యలోని ఆ పదహారేళ్ళు. ఘటన నాడు యాభై ఏళ్ళున్న సాక్షి తీర్పు నాటికి అరవై ఆరు. బోనులో నిలబడ్డ వాళ్ళకూ జుట్టు నెరిసింది, బట్టతల వచ్చింది, పొట్ట వచ్చింది. అయినా అవి అబిడ్స్ రోడ్డు మీద ఎదురైన మొకాలు కావు. పొలం గట్టు మీద, కూలి ఇచ్చే అరుగు మీద పుట్టినప్పటి నుంచి చదివిన మొకాలు. చదవకపోతే దెబ్బలు పడే మొకాలు. కొత్త మొకాల మీద చేసిన పరీక్షలను తెచ్చి ఇట్లాంటి సాక్షి మీద రుద్దితే, "ఇవి తెలియని మొకాల మీద చేసిన పరీక్షలు" అని నువ్వు లేచి చెప్పాలి.

చేయగలిగిన పనులు చిన్నవి. సాక్ష్యం తారీఖుకు నెల ముందే కళ్ళ పరీక్ష చేయించాలి. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకుపోతే శుక్లాలు ఉన్నాయో లేదో తేలిపోతుంది. కోర్టు హాల్లో దూరం నుంచి చూపించమంటే, దగ్గరికి పోయి చూసి చెప్పేందుకు అనుమతి అడగాలి. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఏ సెక్షన్ వచ్చింది. బాధితుల వయసు, చదువు లేకపోవడం, పేదరికం వల్ల వచ్చే అవసరాలను గమనంలో పెట్టుకొని గౌరవంగా చూడాలని దాని రెండో ఉపసెక్షన్‌లోనే ఉంది. బాధితురాలే బోనెక్కిన రోజు ఆ పేజీ నీ చేతిలో ఉండాలి.

వచ్చే నెల మనకు తెలిసిన ఒక పెద్దమ్మ నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో సాక్ష్యం చెప్పాలి. ఊరు, పేరు రాయను. డెబ్బై దాటింది. ఇద్దరు లా విద్యార్థులు కావాలి, ఒకరు తప్పకుండా అమ్మాయి అయి ఉండాలి. ముందురోజు రాత్రి ఆమె బస్తీలో మా ఇంట్లోనే పడుకుంటుంది. పొద్దున తొమ్మిదికి గేటు దగ్గర ఉండండి. ఆమె ఎవరిని చూసినా నవ్వుతుంది, ఎవరు చాయ్ ఇప్పించినా తాగుతుంది. అవతలి వాళ్ళు కూడా అదే గేటు దగ్గర ఉంటారు. అద్దాలు ఆమె కొంగుకు కట్టి ఉంటాయి, లోపలికి పోయే ముందు పెట్టుకుందో లేదో చూడండి.

జై భీమ్.